అనంతపురం గాలికి ఏ రిమోట్ హెలికాప్టర్ నిలుస్తుంది?

పెట్టె మీద ఒకదానిపై ఒకటి తిరిగే రెండు ఫ్యాన్లు, వెనక నీలాకాశం, కింద పచ్చగడ్డి. పిల్లలకు రిమోట్ హెలికాప్టర్ కొనేవాళ్లలో చాలామంది ఆ బొమ్మ చూసే కొంటారు. గడ్డి సంగతి అలా ఉంచితే, అనంతపురంలో ఆకాశం అంటే గాలి కూడా. జూన్ వచ్చిందంటే మిద్దె మీద ఆరేసిన చీర క్లిప్పులతో సహా పక్కింటికి పోయే ఊరు మనది. రామగిరి కొండల మీద గాలిమరలు తొంభైల్లోనే లేచాయి. ఇప్పుడు ఉరవకొండ, బెళుగుప్ప వైపు పోతే దారి పొడవునా అవే. కరెంటు తీయడానికి పనికొచ్చే గాలి నలభై గ్రాముల ప్లాస్టిక్ హెలికాప్టర్‌కు ఏ మాత్రం పనికిరాదు.

అందుకే ముందే తేల్చి చెప్తాను. ఇంట్లో, వరండాలో, ఖాళీగా ఉన్న కళ్యాణమండపంలో ఎగరేసుకోవడానికైతే జంట ఫ్యాన్ల హెలికాప్టర్, అంటే కోయాక్సియల్ రకం, కొనండి. దాన్ని మించిన సుఖం లేదు. మైదానంలో ఎగరేయాలనుకుంటే మాత్రం దాని జోలికి పోకుండా, ఒకే ఫ్యాను, గైరో (ఒరుగుడును పసిగట్టి సరిచేసే చిప్), నాలుగు ఛానెళ్లు (రిమోట్ నుంచి విడివిడిగా నడిపే కదలికలు) ఉన్న చిన్న హెలికాప్టర్ తీసుకోండి. నేర్చుకోవడానికి కొంచెం ఎక్కువ కష్టపడాలి. కానీ ఎగరేసిన చోటికి తిరిగి వస్తుంది. ఇప్పటికే జంట ఫ్యాన్లది ఇంట్లో ఉంటే దాన్ని పారేయనక్కర్లేదు, వేళ చూసి ఎగరేసుకోవచ్చు. ఆ వేళలు, కిటుకులు కింద రాశాను.

నిలకడ ఉంది కదా, మరెందుకు కొట్టుకుపోతుంది?

మామూలు హెలికాప్టర్‌లో పెద్ద ఫ్యాను ఒకవైపు తిరిగితే ఒళ్లు దానికి ఎదురువైపు తిరగబోతుంది. దాన్ని ఆపడానికే తోకలో చిన్న ఫ్యాను. కోయాక్సియల్‌లో ఒకే ఇరుసు మీద రెండు ఫ్యాన్లు ఎదురెదురు దిక్కుల్లో తిరుగుతాయి కాబట్టి ఒకదాని తిప్పుడును ఇంకొకటి కొట్టేస్తుంది, తోక ఫ్యాను అవసరం పడదు. ఎడమకో కుడికో తిప్పాలంటే ఒక ఫ్యాను వేగం కాస్త పెంచి, రెండోది కాస్త తగ్గిస్తే చాలు. ఇక అన్నిటికంటే పైన, రెండు చివర్లా బరువులున్న సన్నటి కడ్డీ ఒకటి తిరుగుతూ ఉంటుంది. దాన్ని ఫ్లైబార్ అంటారు. హెలికాప్టర్ ఒరిగినా తిరిగే కడ్డీ వెంటనే ఒరగదు. దానికి కట్టిన సన్నటి లింకు పై ఫ్యాను రెక్కల కోణం మార్చి, ఒళ్లును మళ్లీ సమంగా నిలబెడుతుంది. అందుకే ఏడేళ్ల పిల్లోడు రిమోట్ వదిలేసినా అది గాల్లో బుద్ధిగా నిలబడుతుంది.

చిక్కంతా ఆ బుద్ధిలోనే ఉంది. అది సమంగా నిలబడేది గాలి లెక్కన, నేల లెక్కన కాదు. వంకలో వదిలిన కాగితం పడవ ఒరగకుండా చక్కగానే ఉంటుంది, కానీ నీళ్లతో పాటే పోతుంది. ఇదీ అంతే. గాలి గంటకు పది కిలోమీటర్లు కదిలితే హెలికాప్టర్ కూడా ఏమాత్రం ఒరగకుండా, మర్యాదగా, గంటకు పది కిలోమీటర్ల వేగంతో పక్కింటి మిద్దె దాటి పోతుంది. ఆపాలంటే గాలికి ఎదురుగా ముక్కు వంచి పట్టాలి. మీరు వంచబోతారు, ఫ్లైబార్ లేపుతుంది. ఈ పెనుగులాటలో గెలిచేది ఎక్కువసార్లు ఫ్లైబారే.

పైగా మీ చేతిలో ఉన్న పట్టు సగమే. నాలుగు ఛానెళ్ల కోయాక్సియల్‌లో మీ రిమోట్ మాట వినేది కింది ఫ్యాను ఒక్కటే, పై ఫ్యాను ఫ్లైబార్ మాటే వింటుంది. మూడు ఛానెళ్ల బొమ్మల్లో ఆ సగం కూడా లేదు. తోక చివర ఆకాశం వైపు తిరిగి ఉన్న బుల్లి ఫ్యాను తోకను కాస్త లేపితే ముక్కు కాస్త వంగుతుంది, అంతే. పక్కలకు జరిపే మీటే ఉండదు. దాని ముందుకు పోయే వేగం మనిషి నడకంత. ఎదురుగాలి అంతకంటే జోరుగా ఉంటే, మీరు ముందుకు తోస్తూనే ఉంటారు, అది వెనక్కి పోతూనే ఉంటుంది.

గట్టిగా ఎదురు తోసినప్పుడు ఇంకో ముప్పుంది. కింది ఫ్యాను ముందుకు వంగుతుంది, పైది వంగనని మొరాయిస్తుంది. రెండిటి మధ్య ఉండే రెండు మూడు వేళ్ల సందు ఒకవైపు మూసుకుపోతుంది. 'టక్' మని చప్పుడు, రెక్క అంచు ముక్క ఊడి పడుతుంది. ఇది ఎవరో తయారీలో చేసిన లోపం కాదు, ఆ అమరికే అంత.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే అన్యాయం. జంట ఫ్యాన్లు అంటేనే గాలికి ఆగవని కాదు. మన నౌకాదళం దగ్గరున్న కామోవ్ కా-31 జంట ఫ్యాన్లదే. సముద్రపు గాలిలో ఓడ డెక్ మీద దిగుతుంది. అంగారకుడి మీద 2021 ఏప్రిల్ 19న మొదటిసారి ఎగిరిన నాసా హెలికాప్టర్ ఇన్‌జెన్యూటీ కూడా ఆ జాతిదే, బరువు 1.8 కిలోలు. తేడా ఏమిటంటే, వాటిలో పై ఫ్యాను, కింది ఫ్యాను రెండింటి రెక్కల కోణాన్నీ ఎగురుతుండగానే మార్చవచ్చు. మన బొమ్మల్లో రెక్కలన్నిటి కోణాన్నీ ఒకేసారి పెంచే, తగ్గించే వీలుండదు. ఎత్తు పెంచాలన్నా తగ్గించాలన్నా మోటారు వేగం మార్చడమే దారి. గాలి విసురు తగిలాక మోటారు వేగం పుంజుకునేలోపు జరగాల్సింది జరిగిపోతుంది.

ఎంత గాలి అంటే ఎంత?

ఫోన్‌లో వాతావరణ యాప్ చూపించే గాలి వేగం సాధారణంగా నేల నుంచి 10 మీటర్ల ఎత్తున ఉండే గాలికి లెక్క. మీ తల ఎత్తున అంతకంటే తక్కువే ఉంటుంది. అయినా ఆ అంకెనే నమ్ముకోండి, ఎందుకంటే హెలికాప్టర్ మీ తల ఎత్తులో ఉండిపోదు. గస్ట్ అని ఇంకో అంకె ఉంటుంది, అంటే ఉండుండి వచ్చే విసురు. మనకు ముఖ్యమైంది అదే.

యాప్ లేకపోయినా వేపచెట్టు చెబుతుంది. ఆకు కదలకపోతే ఏదైనా ఎగరేయండి. ఆకులు గలగలమంటూ ముఖానికి గాలి తెలుస్తుంటే గంటకు 6 నుంచి 11 కిలోమీటర్లు. మూడు ఛానెళ్ల బొమ్మకు అప్పటికే ఆట ముగిసింది, పెద్ద కోయాక్సియల్‌కు టెన్షన్ మొదలైంది. ఆకులతో పాటు సన్నకొమ్మలు ఆగకుండా ఊగుతూ, జెండా విచ్చుకుని ఉంటే 12 నుంచి 19. ఒకే ఫ్యాను గైరో రకం కాస్త చెయ్యి తిరిగినవాళ్లకు ఇక్కడిదాకా పనికొస్తుంది. దుమ్ము, కాగితాలు లేస్తుంటే 20 దాటినట్టు. అప్పుడు ఆరు ఛానెళ్లదో, మంచి డ్రోనో ఉంటేనే బయటికి తీయాలి. ఒక లెక్క గుర్తుంచుకోండి: గాలి వేగం మూడింతలైతే దాని తోపు తొమ్మిదింతలవుతుంది. 'నిన్న కొంచెం గాలిలో ఎగిరింది కదా, ఈరోజు ఇంకొంచెమే ఎక్కువ' అనుకునేవాళ్లు మోసపోయేది ఇక్కడే.

ఎండ కూడా లెక్కలోకి వస్తుంది. అనంతపురం సముద్రమట్టానికి దాదాపు 335 మీటర్ల ఎత్తున ఉంది. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి గాలి పలచబడుతుంది. సముద్రతీరంలో 20 డిగ్రీల దగ్గర ఉండే గాలితో పోలిస్తే దాదాపు పది శాతం పలచన. రెక్కలకు పట్టు తగ్గుతుంది కాబట్టి, థ్రాటిల్ (మోటారు వేగం పెంచే మీట) మామూలుగా సగం తోస్తే లేచేది ఇంకాస్త అడుగుతుంది. అంటే విసురు వచ్చినప్పుడు వాడుకోవడానికి మిగిలే బలం అంతే తగ్గిందన్నమాట.

రకాలను పక్కపక్కన పెట్టి చూస్తే

మూడు ఛానెళ్ల చిన్న కోయాక్సియల్. సైమా ఎస్107 ఈ తరహాలో అందరికీ తెలిసిన పేరు. అరచేతిలో పట్టేంత, 40 గ్రాముల లోపు బరువు, ఒక ఛార్జింగ్‌కు ఏడెనిమిది నిమిషాల ఆట. గోడకు కొట్టుకున్నా, మంచం మీద పడినా మళ్లీ లేస్తుంది. ఇందులో చాలావాటికి రిమోట్ పనిచేసేది టీవీ రిమోట్ లాగా ఇన్‌ఫ్రారెడ్ కాంతితో. ఎండలో కూడా అదే కాంతి దండిగా ఉంటుంది కాబట్టి, పట్టపగలు బయట రెండు మూడు గజాలు పోగానే సిగ్నల్ తెగి మోటార్లు ఆగిపోతాయి. అంటే దీన్ని ఆరుబయట దెబ్బతీసేది గాలి ఒక్కటే కాదు, వెలుతురు కూడా. ఇంట్లో ఆటకు పది మార్కులు, బయటకు సున్నా.

నాలుగు ఛానెళ్ల పెద్ద కోయాక్సియల్. ఈ-స్కై లామా, బ్లేడ్ సీఎక్స్ లాంటివి ఒకప్పుడు నేర్చుకునేవాళ్లందరి చేతుల్లో ఉండేవి. ఫ్యాను వెడల్పు అడుగు పైచిలుకు, బరువు రెండు వందల గ్రాములకు అటూఇటూ, రిమోట్ రేడియోది. ముందుకు, వెనక్కి, పక్కలకు అన్ని వైపులా కదులుతుంది. సైజు చూసి 'ఇది పెద్దది కదా, గాలికి ఆగుతుంది' అనుకుంటారు. నా దృష్టిలో కొనేవాళ్లను ఎక్కువగా తప్పుదారి పట్టించేది ఇదే. బరువు పెరిగిన మాట నిజమే. దాంతోపాటు గాలికి అడ్డంపడే ఒళ్లు కూడా పెరిగింది, ఫ్లైబార్ మొండితనం అలాగే ఉంది. విసురు వస్తే ముక్కు పైకెత్తి, ఊయల లాగా ముందుకీ వెనక్కీ ఊగడం మొదలుపెడుతుంది. ఆ ఊపును రిమోట్‌తో సరిచేయబోతే ఇంకా పెరుగుతుంది. పెద్ద హాలు దొరికితే మాత్రం దీన్ని మించింది లేదు. స్కూలు ఆడిటోరియం, పెళ్లిళ్లు లేని రోజున కళ్యాణమండపం దీనికి సరైన చోట్లు. హాల్లోని సీలింగ్ ఫ్యాన్లు ఆపించడం మరవకండి.

ఒకే ఫ్యాను, నాలుగు ఛానెళ్లు, గైరో. డబ్ల్యూఎల్ టాయ్స్ వీ911 ఈ తరహాలో బాగా తెలిసిన బొమ్మ. మొదటి వీ911లో ఒక చిన్న ఫ్లైబార్ ఉండేది. తర్వాత వచ్చిన వీ911ఎస్ లాంటివాటిలో కడ్డీ తీసేసి ఆరు అక్షాల గైరో పెట్టారు. పైన ఒకే ఫ్యాను, తోకలో నిలువు ఫ్యాను, రేడియో రిమోట్. ఒళ్లు సన్నగా పుల్లలాగా ఉంటుంది కాబట్టి గాలి పట్టుకోవడానికి పెద్దగా ఏమీ దొరకదు. ముక్కు వంచితే వంగి, మీరు పట్టుకున్నంతసేపు వంగే ఉంటుంది. ముందుకు పోయే వేగం కోయాక్సియల్ కంటే బాగా ఎక్కువ. గాలిలో మనకు కావాల్సిన గుణం ఇదే: గాలి కంటే వేగంగా పోగలగాలి. నిలకడ కడ్డీకి బదులు గైరో చిప్ చూసుకుంటుంది, స్టిక్ వదిలేస్తే సమంగా నిలబడుతుంది. గాలిలో కొట్టుకుపోవడం దీనికీ తప్పదు, కాకపోతే వెనక్కి తెచ్చుకునే బలం దీనికి ఉంది. కష్టం ఎక్కడంటే, ముక్కు మీ వైపు తిరిగినప్పుడు ఎడమ కుడి తారుమారవుతాయి. కోయాక్సియల్ అయితే ఆ తికమకలో ఆగి ఆలోచించుకునే వ్యవధి ఇస్తుంది. ఇది ఇవ్వదు.

ఆరు ఛానెళ్లది. రెక్కల కోణాన్నే మార్చే రకం, తలకిందులుగా కూడా ఎగురుతుంది. గాలి దీనికి లెక్కే కాదు. మోటారు వేగం మారే దాకా ఆగకుండా రెక్క కోణం క్షణంలో మారిపోతుంది. కానీ మొదటిసారి కొనేవాళ్లకు ఇది వద్దు. ఒక్కసారి పడితే అయ్యే రిపేరు ఖర్చుతో ముందు చెప్పిన బొమ్మ ఇంకొకటి వస్తుంది. రెక్కలు తగిలితే చర్మం చీరుతుంది. పిల్లలున్న ఇంట్లో దీని మాట ఎత్తకపోవడమే మేలు.

నాలుగు ఫ్యాన్ల డ్రోన్ సంగతి అడుగుతారని తెలుసు. గాలిలో నిలబడటం ఒక్కటే కావాలంటే హెలికాప్టర్ల కంటే డ్రోనే తేలిక. జీపీఎస్ ఉన్నదైతే గాలిని తనంతట తానే తోసుకుని ఉన్నచోటే ఆగుతుంది. జీపీఎస్ లేని అరచేతి డ్రోన్లు మాత్రం కోయాక్సియల్ లాగే కొట్టుకుపోతాయి. పైగా అది హెలికాప్టర్ కాదు. హెలికాప్టర్ కావాలని మారాం చేసే పిల్లోడి చేతిలో డ్రోన్ పెడితే వాడి మొహం ఎలా ఉంటుందో ఇంట్లో వాళ్లకే తెలుస్తుంది.

దుకాణంలో ఏం అడగాలి

"అన్నా, ఇది బయట ఎగురుతాదా?" అని అడిగితే వచ్చే జవాబు అందరికీ తెలిసిందే. "ఎందుకెగరదు సార్, సూపర్‌గా ఎగురుతాది." అతను అబద్ధమాడటం లేదు, గాలి లేని చోట నిజంగానే ఎగురుతుంది. కాబట్టి ప్రశ్న మార్చండి. దుకాణంలో టేబుల్ ఫ్యాను ఉంటుంది. దాన్ని ఒకటో నంబరులో పెట్టి, ఏడెనిమిది అడుగుల దూరంలో హెలికాప్టర్ లేపమనండి. ఫ్యాను వైపు ముక్కు పెట్టి ముందుకు తోసినప్పుడు అది ఉన్నచోట నిలబడితే సగం పరీక్ష పాసైనట్టు. ఫ్యాను వైపు నాలుగు అడుగులు పోగలిగితే పూర్తిగా పాస్. ఫ్యాను పెట్టగానే దుకాణదారు "అట్ల కాదు సార్" అన్నాడంటే మీ ప్రశ్నకు జవాబు దొరికినట్టే.

రిమోట్ ఇన్‌ఫ్రారెడ్‌దా రేడియోదా అన్నది పెట్టె మీద స్పష్టంగా లేకపోతే రిమోట్ ముక్కు చూడండి. నల్లటి అద్దంలాంటి ప్లాస్టిక్ వెనక రెండు మూడు చిన్న బల్బులుంటే అది ఇన్‌ఫ్రారెడ్. స్టిక్ కదుపుతూ ఫోన్ సెల్ఫీ కెమెరాతో ఆ బల్బులను చూస్తే ఊదారంగులో మిణుకుమంటాయి, కంటికి కనపడనిది కెమెరాకు కనపడుతుంది. రేడియో రిమోట్ అయితే చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ అని రాసి ఉంటుంది.

పెట్టె మీద ఐఎస్‌ఐ గుర్తు కూడా చూడండి. 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అది తప్పనిసరి. విదేశీ బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. ఇంటర్నెట్‌లో వీడియోల్లో కనిపించే మోడల్ ఇక్కడ దొరకకపోవడానికి, దొరికినా ధర మండిపోవడానికి అదొక కారణం. అందుకని మోడల్ పేరు పట్టుకుని వేలాడకుండా ఫ్యాన్లు ఎన్ని, ఛానెళ్లు ఎన్ని, గైరో ఉందా, స్పేర్లు దొరుకుతాయా అన్న నాలుగే చూసుకోండి.

కోయాక్సియల్ ఇప్పటికే కొనేసి ఉంటే

వేళ చూసుకోండి. మన దగ్గర నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా తెల్లవారుజామున గాలి దాదాపు ఉండదు. రాత్రి నేల చల్లబడి, దాన్ని ఆనుకున్న గాలి కూడా చల్లబడి బరువుగా అక్కడే నిలబడిపోతుంది. పైన గాలి వీస్తున్నా అది కిందికి దిగదు. ఎండ ఎక్కి నేల వేడెక్కేకొద్దీ ఆ పొర చెదిరి పైగాలి కిందికి వస్తుంది. కాబట్టి పొద్దు పొడిచాక గంట, గంటన్నర మీది. మార్చి నుంచి మే దాకా తెల్లవారుజాము పరవాలేదు కానీ మధ్యాహ్నాలు సుడిగాలులు లేస్తాయి. ఖాళీ మైదానంలో ఎర్రదుమ్ము గిర్రున తిరుగుతూ కనపడితే హెలికాప్టర్ సంచిలో పెట్టేయండి. జూన్ నుంచి ఆగస్టు వరకు, ముఖ్యంగా ఆషాఢంలో, పొద్దున కూడా నమ్మకం లేదు. ఆ నెలల్లో పిల్లలకు గాలిపటం కొనివ్వండి, అందరూ సుఖంగా ఉంటారు.

చోటు విషయానికొస్తే ఆర్ట్స్ కాలేజీ మైదానం లాంటి విశాలమైన చోట్లకు ఉదయం నడకకు వచ్చేవాళ్లు ఎక్కువ. వాళ్ల తలల మీదుగా కాకుండా ఒక మూల చూసుకోండి. గోడ చాటు మంచిదనుకుంటారు కానీ, గట్టి గోడను దాటిన గాలి అవతల కిందికి దొర్లుతుంది. గోడ ఎత్తు దాటనంత వరకే చాటు, దాటిన క్షణం ఊడ్చుకుపోతుంది. చెట్ల వరస నయం. ఆకుల సందుల్లోంచి గాలి వడకట్టినట్టు వస్తుంది కాబట్టి దొర్లుడు తక్కువ. కానీ కంపచెట్లు ఉన్న వైపు మాత్రం వద్దు. ముళ్లలోంచి రెక్కలు విరగకుండా హెలికాప్టర్ తీయడం అయ్యే పని కాదు, చేతులు కూడా గీసుకుపోతాయి. మిద్దె మీద ఎగరేయడం అన్నిటికంటే చెడ్డ ఆలోచన. ఎత్తున గాలి ఎక్కువ, చుట్టూ కరెంటు తీగలు, పిట్టగోడ దగ్గర పిల్లలు పైకి చూస్తూ వెనక్కి నడుస్తారు.

ఎగరేసేటప్పుడు గాలి వచ్చే వైపు ముఖం పెట్టి నిలబడండి. హెలికాప్టర్‌ను మీకు ముందు, గాలి వచ్చే దిక్కులో లేపండి. కొట్టుకొచ్చినా మీ వైపే వస్తుంది. ముందు గాలికి ఎదురుగా పంపి, బ్యాటరీ తగ్గేసరికి గాలితో వెనక్కి రానివ్వాలి. తలకిందులుగా చేస్తే నడక తప్పదు. తోక రెక్క ఉన్న బొమ్మ గాలిదిశకు తనే ముక్కు తిప్పుకుంటుంది. దాన్ని ఆపబోకండి, అది మీకు చేసే ఉపకారం.

కొట్టుకుపోతున్నప్పుడు అందరి వేలూ థ్రాటిల్ పైకి తోస్తుంది. అదే వద్దు. పైకి పోయేకొద్దీ గాలి ఎక్కువ, ఇంకా త్వరగా పోతుంది. థ్రాటిల్ మెల్లగా తగ్గిస్తూ కిందికి దించండి. నేల దగ్గర గాలి తక్కువ, మీ పట్టు ఎక్కువ. ఒక్కసారిగా సున్నాకు తెస్తే రాయిలా పడుతుంది, పడ్డప్పుడు ముందు విరిగేది ఫ్లైబార్ లింకే. అగ్గిపుల్ల కంటే సన్నగా ఉండి, చివర గుండ్రటి గుబ్బలోకి నొక్కి ఉండే ఆ ముక్క ఊడి మట్టిలో పడితే దొరకదు. పడ్డచోట అడుగు వేయకుండా ముందు దాన్ని వెతకండి.

ఒక చిన్న కిటుకు. బ్యాటరీని కొంచెం ముందుకు జరిపితే, లేదా మూడు ఛానెళ్ల బొమ్మ ముక్కు కింద చిటికెడు మట్టిబంక అంటిస్తే, హెలికాప్టర్ ఎప్పుడూ కాస్త ముందుకు వంగే ఉంటుంది. ఫ్లైబార్‌తో కొట్లాడకుండానే ఎదురుగాలికి కొంత బలం దొరుకుతుంది. గాలి లేని గదిలో అది తనంతట తాను ముందుకు పోతుంది కాబట్టి ఇంటికి రాగానే తీసేయాలి.

దుమ్ము మన ఊరి రెండో సమస్య. గేర్లకు నూనె రాయకండి, ఎర్రమట్టి దానికి అంటుకుని పళ్లను అరగదీస్తుంది. పాత టూత్‌బ్రష్‌తో దులిపితే సరిపోతుంది. ఒక బ్యాటరీ అయిపోగానే రెండోది పెట్టకుండా మోటార్లు చల్లారనివ్వండి, వేసవిలో ఇంకా ఎక్కువసేపు. బ్యాటరీలను ఎండలో నిలిపిన కారులో గానీ స్కూటర్ డిక్కీలో గానీ వదలొద్దు. ఉబ్బిన బ్యాటరీని మళ్లీ ఛార్జింగ్ పెట్టొద్దు.

చట్టం సంగతి క్లుప్తంగా. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాముల లోపువి నానో తరగతి, వాటికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. విమానాశ్రయానికి 12 కిలోమీటర్ల లోపల మాత్రం ఎత్తు మీద ఆంక్షలుంటాయి. అనంతపురం టౌన్లో ఉన్నవాళ్లకు ఆ బెడద లేదు, కడప, పుట్టపర్తి, ఓర్వకల్లు వైపు ఉన్నవాళ్లు ప్రభుత్వ మ్యాప్‌లో జోన్ చూసుకోవాలి. ఊళ్లో ఎవరైనా పెద్ద నాయకుడు వస్తున్న రోజున అసలు బయటికి తీయకండి. పోలీసులకు బొమ్మకూ డ్రోనుకూ తేడా వివరించే ఓపిక ఉంటే తప్ప.

ఏది కొన్నా రెక్కలు అదనంగా కొని పెట్టుకోండి. కోయాక్సియల్‌కు పై జత, కింది జత ఎదురు దిక్కుల్లో తిరుగుతాయి కాబట్టి వాటి వంపు కూడా ఎదురెదురుగా ఉంటుంది, ఒకదాని చోట ఇంకొకటి పట్టదు. చాలా బొమ్మల్లో రెక్క మొదట్లో ఏ, బీ అని సన్నటి అక్షరం ఉంటుంది. పాత రెక్క పారేసేముందు ఆ అక్షరం చూసుకుని, ఆర్డర్‌లో రెండు జతలూ పెట్టండి.